ఎడమ పక్కకి వంగిన గీత

మార్చి 3

పిచ్చుకకి,

నువ్వు బాగానే ఉన్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు చెప్పలేదు. సరే, ఆ సంగతి తర్వాత తేల్చుకుందాం.

ఫోన్ చేయకుండా పిన్నికి ఈ కాగితం, కలం పిచ్చేమిటి అనుకుంటున్నావా? ఇంట్లో ఫోన్ ఎత్తితే పక్క గదిలో మీ బాబాయి ఉంటారు. ఇక్కడ ఎత్తితే ఆఫీసంతా ఉంటుంది. అందుకే భోజనాల వేళ, పుస్తకాల బీరువా చాటున కూర్చుని రాస్తున్నాను. ఇది మీ అమ్మకి చూపించకు. అక్క నోట్లో మాట దాగదు.

నా గొంతుని ఎవరో తినేస్తున్నారు.

నవ్వకు. చూపులేని వాళ్లకోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే ఈ చోట నేను ఎన్నేళ్లుగా ఉన్నానో నీకు తెలుసు. వినేవాళ్లు నా పేరు అడగరు, "ఆ బరువు గొంతావిడ చదివింది ఇవ్వండి" అంటారు. అలాంటిది, నిన్న నేను చదివిన అధ్యాయం తిరిగి వేయించుకుని వింటే ఎవరో రేకు డబ్బాలో కూర్చుని చదివినట్టుంది. కింద నిండుదనం లేదు. చదువుతున్నప్పుడు మాత్రం నా తలలో గంట కొట్టినట్టు నిండుగానే ఉంటుంది! మరి నా నోటికీ ఆ స్పీకరుకీ మధ్య ఏం జరుగుతోంది?

మధ్యలో ఉన్నది అద్దాలాయన. కళ్లజోడు కాదు, రికార్డింగు గదికి అద్దం అవతల కూర్చుని మీటలు తిప్పే మనిషి కాబట్టి ఆ పేరు. ఈ మధ్య నాతో పెదవులు కదిపీ కదపనట్టు మాట్లాడుతున్నాడు. "ఏమన్నారు?" అంటే "ఏం లేదండీ, ఇంకోసారి" అంటాడు. మేనేజరుతో మాత్రం గుసగుసలు. కొత్తగా చేరిన అమ్మాయి ఒకతి ఉంది. అదే గది, అదే మైకు. ఆ పిల్ల గొంతు మాత్రం కడిగిన గాజులా ఖణేల్‌మంటుంది. నా పుస్తకం నా చేత సగంలో ఆపించి ఆ పిల్లకి ఇవ్వాలని చూస్తున్నారు. ఇది నా అనుమానం కాదు, నాకు తెలిసిపోతోంది.

ఇంట్లో సంగతి ఇంకోటి. మీ బాబాయి కూడా ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టారు. నేను గుమ్మంలోకి వచ్చినా పెంచరు. దాని గురించి మళ్లీ రాస్తాను.

నువ్వు మైకులు తయారయ్యే చోట పని చేస్తున్నావు కదా. ఆ మధ్య ఇక్కడికి కొత్త మైకు వచ్చింది. దాని పెట్టెలో ఉన్న కాగితం మీద "ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్: 40 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్" అని ఉంది. అంటే ఏమిటి? ఈ మైకు బరువు గొంతుల్ని మింగేస్తుందా? నాకు అర్థమయ్యేలా రాయి.

మీ పిన్ని

మార్చి 9

పిన్నీ,

నీ ఉత్తరం చూసి ముందు భయపడ్డాను, తర్వాత నవ్వాను, చివరికి నువ్వు నవ్వొద్దన్న చోటు చదివి నోరు మూసుకున్నాను. నేను బాగానే ఉన్నాను. గది మారాను. కిటికీ కింద కార్లు బాగుచేసే షెడ్డు ఉంది. సాయంత్రం దాకా ఇనుము మీద ఇనుము.

ఆ కాగితం గురించి చెప్తాను. అలాంటి కాగితాలకి లెక్కలు కట్టేదే మా గది కాబట్టి వాటిని ఎంత నమ్మాలో నాకు తెలుసు. గోడల నిండా స్పాంజి ముక్కలు అతికించిన గదిలో మైకుని నిలబెట్టి, ఎదురుగా స్పీకరులోంచి ఒక కూతని అట్టడుగు స్థాయి నుంచి కీచు దాకా మెల్లగా పెంచుకుంటూ పోతాం. ప్రతి స్థాయికీ మైకు ఎంత పట్టుకుందో ఒక గీతగా వస్తుంది. ఎడమ పక్క హెర్ట్జ్ అంకె చిన్నగా ఉండే బరువు శబ్దాలు, కుడి పక్క అంకె పెద్దగా ఉండే సన్నవి. గీత బల్లపరుపుగా ఉంటే ఏదీ పెంచకుండా, ఏదీ తుంచకుండా పట్టుకుందని అర్థం.

"40 నుంచి 20,000" అని ఊరికే రాస్తే అది మాటే కాదు. బస్సు ఆ ఊరి నుంచి ఈ ఊరికి వెళ్తుందని చెప్పి, మధ్యలో ఎక్కడ ఆగదో చెప్పనట్టు. ఆ అంకెల పక్కన "ఇన్ని డెసిబెల్స్ అటూ ఇటూ" అని ఉందా చూడు. మూడు అని ఉంటే మంచిదే. ఏమీ లేకపోతే, నలభై దగ్గర ఆ మైకు ఏదో కొద్దిగా మూలిగిందని మాత్రమే. అసలు గీత బొమ్మ ఉంటే అది పంపు. ఏ దూరం నుంచి కొలిచారో కూడా రాసుంటుంది. మైకుకి దగ్గరగా జరిగితే బరువు పెరుగుతుంది, దూరం జరిగితే తగ్గుతుంది. నువ్వు ఇదివరకటి చోటే కూర్చుంటున్నావా?

ఇంకోటి. చాలా మైకుల ఒంటి మీద చిన్న స్విచ్చి ఉంటుంది. పక్కన రెండు గీతలుంటాయి, ఒకటి తిన్నగా, ఒకటి ఎడమ చివర కిందికి వంగి. వంగిన దాని మీద పెడితే అట్టడుగు శబ్దాలు క్రమంగా తగ్గిపోతాయి. మావాళ్లు దాన్ని రోలాఫ్ అంటారు. అది ఎటు ఉందో చూడు. చూసి ఊరుకో. పాతదీ కొత్తదీ రెండు రికార్డింగులు మెమరీ చిప్పులో వేసి పంపు. నేను వినేదాకా ఎవరితోనూ ఏమీ అనకు.

బాబాయి మీద అనుమానమేమిటి పిన్నీ? ఆయనకి గుట్టుగా మాట్లాడటం వచ్చా అసలు?

నీ పిచ్చుక

మార్చి 14

పిచ్చుకా,

నీ నోట్లో చక్కెర పొయ్యాలి. దొరికిపోయాడు!

నీ ఉత్తరం అందిన రోజే, అద్దాలాయన టీ తాగడానికి వెళ్లగానే మైకు దగ్గరికెళ్లి చూశాను. నా బొటనవేలి గోరంత స్విచ్చి. నువ్వు రాసినట్టే రెండు గీతలు. వంగిన గీత మీద ఉంది! నేను దాన్ని ముట్టుకోలేదు. కొత్తమ్మాయి చదవడానికి కూర్చునే ముందు మళ్లీ వెళ్లి చూశాను. తిన్నని గీత మీద ఉంది. మర్నాడు నా వంతు వచ్చేసరికి మళ్లీ వంగింది. ఇంకేం కావాలి?

నువ్వు ఊరుకోమన్నావు. నీ వయసులో నేనూ అలాగే అనేదాన్ని. తిన్నగా మేనేజరు గదికి వెళ్లాను. ఆయన్ని తీసుకొచ్చి మైకు ముందు నిలబెట్టి అద్దాలాయన్ని పిలిపించాను.

"ఇది ఎవరు పెట్టారు?" అన్నాను.

"నేనేనండీ," అన్నాడు. ఒప్పుకున్నాడు చూడు!

"కొత్తమ్మాయికి తీసేస్తున్నారు కదా?"

"అవునండీ. ఎందుకంటే..." అని ఏదో గొణిగాడు. నేల చూస్తూ, గొంతు గొంతులోనే పెట్టుకుని. తప్పు లేనివాడు అలా మాట్లాడతాడా?

"గట్టిగా చెప్పండి, అందరూ వింటారు," అన్నాను. మేనేజరు, అతను ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ చూపులోనే తెలిసింది ఇద్దరూ ఒకటేనని. పై ఆఫీసుకి వెళ్తానన్నాను. దాంతో మేనేజరు దిగొచ్చాడు. అద్దాలాయన్ని సభల హాలుకి మార్చేశారు, అక్కడ వేదిక మీద మైకులు బిగించే పనికి. తన హెడ్‌ఫోన్లు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇక మీ బాబాయి. ఇంట్లో గొణుగుతారు కదా, మొన్న ఇద్దరం కిక్కిరిసిన బస్సులో వెళ్తున్నాం. ఆ రొదలో ఆయన మాట్లాడిన ప్రతి ముక్కా నాకు వినిపించింది! అంటే మాట్లాడలేక కాదు. ఇంట్లో కావాలనే తగ్గిస్తున్నారు. నువ్వే చెప్పు, నా మీద ఏం దాచాలని?

గీత బొమ్మ నకలు, చిప్పు ఈ కవర్లోనే ఉన్నాయి. రికార్డింగులు అద్దాలాయన వెళ్లకముందువే.

గెలిచిన పిన్ని

మార్చి 16

పిన్నీ,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. అయినా మనసాగక ఇది రాస్తున్నాను, ముందు చెప్పాల్సిన ముక్క ఒకటి మర్చిపోయాను.

ఆ స్విచ్చి వంగిన గీత మీద ఉన్నా కంగారు పడకు. మామూలుగా అది ఎనభై హెర్ట్జ్‌కి కింద ఉన్నవాటినే తగ్గిస్తుంది. ఏసీ మెషీను గుర్రుమనడం, వీధిలో లారీ పోవడం, బల్ల కింద నీ కాలు తగలడం, అలాంటివి. నీ గొంతు ఎంత బరువైనా ఆడగొంతే కదా, నూట యాభై దగ్గరే ఆగిపోతుంది. ఎనభైకి కింద నీది అంటూ ఏమీ లేదు. లేనిదాన్ని ఎవరు తినగలరు?

కాబట్టి స్విచ్చి ఎలా ఉన్నా అద్దాలాయన మీద విరుచుకుపడకు. నీ సంగతి నాకు తెలుసు.

పిచ్చుక

మార్చి 23

పిన్నీ,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. నీది చదివాక ఆ రోజంతా నాకు పని మీద మనసు నిలవలేదు. స్విచ్చి మాట ముందు రాసి, ఎనభై మాట తర్వాత రాయడం నా తొందరపాటు.

బొమ్మ చూశాను. మంచి మైకు. నీ గొంతు ఉండే మేరంతా గీత బల్లపరుపే. చిప్పులో రెండు రికార్డింగులూ విన్నాను, మా మెషీన్ల మీద కొలిచాను కూడా. పిన్నీ, రెండిట్లోనూ నీ గొంతు ఒకటే. ఆ బరువు అలాగే ఉంది. నువ్వన్న రేకు డబ్బా నాకు ఎక్కడా వినిపించలేదు. ఒకే తేడా, కొత్తదాంట్లో నువ్వు చాలా మెల్లగా చదువుతున్నావు. పక్కన పడుకున్న వాళ్లకి నిద్ర చెడకుండా చదువుతున్నట్టు.

ఎందుకో అర్థం కాక మీ ఆఫీసులో నంబరు అడిగి అద్దాలాయనకి ఫోన్ చేశాను. కోప్పడకుండా చదువు. ఆయన చెప్పింది ఇది. "మేడమ్ గొంతు ఈ మధ్య బాగా తగ్గించేశారమ్మా. పెంచమంటే, నా గొంతు నాకు తెలీదా అంటారు. అంత మెల్లగా చదివితే నేను ఇటు పక్క మీట పెంచాలి. పెంచితే ఏసీ మెషీను గుర్రు కూడా పెరుగుతుంది. ఆ గుర్రుని తీయడానికే ఆ స్విచ్చి. కొత్తమ్మాయి గట్టిగా చదువుతుంది, ఆమెకి అక్కర్లేదు."

ఆ రోజు మీ ముందు కూడా ఇదే చెప్పానన్నాడు. పైగా మామూలు గొంతుతోనే చెప్పానన్నాడు.

నీ పిచ్చుక

మార్చి 27

అమ్మాయికి,

నా వెనకాల ఆయనకి ఫోన్ చేశావన్నమాట. నిన్ను ఎత్తుకు తిరిగిన చేతులివి. రహస్యం అని నీకొక్కదానికే రాశాను. నువ్వు వెళ్లి వాళ్లతో కలిసిపోయావు.

నేను మెల్లగా చదువుతున్నానా? చదివేటప్పుడు నా గొంతు నా పుర్రె అదిరేంతగా వినిపిస్తుంది నాకు. ఇంతకంటే గట్టిగా చదివితే అది చదవడం కాదు, కేకలేయడం. నీ మెషీన్లు నీ దగ్గరే ఉంచుకో.

అద్దాల గదిలోకి ఇప్పుడు ఇంకొకడు వచ్చాడు. స్విచ్చి తీసేయించాను. అయినా నా గొంతు రేకులాగే ఉంది. వీడికీ చెప్పి పెట్టే వెళ్లాడు ఆయన. వీడూ గొణుగుతాడు.

జవాబు రాయాల్సిన పని లేదు.

పిన్ని

ఏప్రిల్ 8

పిన్నీ,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. చించేసినా సరే, చదివి చించు.

నీ ఉత్తరాలన్నీ బల్ల మీద పరుచుకుని మళ్లీ చదివాను. నీతో గొణిగేవాళ్లు ఎవరెవరు? అద్దాలాయన, మేనేజరు, బాబాయి, ఇప్పుడు ఈ కొత్తతను. అందరూ మగవాళ్లు, అందరివీ బరువు గొంతులు. కొత్తమ్మాయి గొణుగుతుందని నువ్వు ఒక్కసారీ రాయలేదు. గాజులా ఖణేల్‌మంటుందన్నావు. మా అమ్మ గొణుగుతుందా? నేను? నా కీచు గొంతుకే కదా నువ్వు నాకీ పేరు పెట్టింది.

ఇంతమంది మగవాళ్లు, ఒకరికొకరు తెలియనివాళ్లు కూడా, ఒకేసారి గొంతులు తగ్గించుకోరు పిన్నీ.

నేను మైకుకి గీత గీస్తాను. ఎడమ పక్క వంగితే ఆ మైకుకి బరువు శబ్దాలు అందడం లేదని రాస్తాను. అప్పుడు స్పీకరుని తిట్టం, మనిషిని తిట్టం. చెవికీ అలాంటి గీత ఉంటుంది. నువ్వు మైకుని అనుమానించావు, స్విచ్చిని, అద్దాలాయన్ని, బాబాయిని, నన్నూ అనుమానించావు. ఈ వరసలో మిగిలింది ఒక్కటే.

ఇది రాయడానికి నాకెంత భయంగా ఉందో నీకు తెలియదు. ఒక్కసారి చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లు. బాబాయిని తీసుకెళ్లకు, నీకు ఇష్టం లేకపోతే. ఒక్కదానివే వెళ్లు. నేను చెప్పింది తప్పయితే జీవితంలో నీకు ఎదురు చెప్పను.

పిచ్చుక

మే 2

పిచ్చుకా,

నీ ఉత్తరం చించేశాను. తర్వాత ముక్కలు ఏరి అతికించాను.

డాక్టరు దగ్గరికి నిన్ను ఓడించడానికే వెళ్లాను. ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు, గోడలకి నువ్వు రాసిన స్పాంజిలాంటిదే ఉంది. చెవులకి హెడ్‌ఫోన్లు తొడిగి, శబ్దం వినపడగానే మీట నొక్కమన్నారు. సన్న కూతలకి టకటకా నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మెషీను చెడిపోయిందేమో అనుకుని అద్దంలోంచి పరీక్ష చేసే అమ్మాయి వైపు చూశాను. ఆ పిల్ల చెయ్యి మీట మీద కదులుతూనే ఉంది. నాకు శబ్దాలు పంపుతూనే ఉంది.

గీత చూపించారు. ఎడమ పక్క కిందికి వంగి ఉంది. రెండు చెవులూ.

చెవి లోపల గింజంత ఎముక ఒకటి ఉంటుందట. అది కదిలితేనే బయటి శబ్దం లోపలికి పోతుంది. నాకు అది బిగుసుకుపోతోంది. ముందు బరువు శబ్దాలకే కదలడం మానేస్తుందట. స్పీకరులోంచి నా గొంతు రేకులా వినిపించింది అందుకే. చదివేటప్పుడు మాత్రం నా గొంతు పుర్రె ఎముకల్లోంచి తిన్నగా లోపలికి పోతుంది కాబట్టి నాకు నిండుగా, గట్టిగా వినిపిస్తుంది. అందుకే తెలియకుండానే తగ్గించి చదువుతున్నాను. బస్సు మాట కూడా అడిగాను. రొదలో అందరూ గొంతు పెంచే మాట్లాడతారు, ఆ బరువు రొద నాకు అందదు, మాటలు మాత్రం అందుతాయి. "ఇలాంటి చెవులున్న వాళ్లందరూ అదే చెప్తారండీ," అన్నాడు డాక్టరు.

ఇంటికొచ్చి మీ బాబాయితో చెప్పాను. అన్నీ చెప్పాను, ఫోన్ మీద అనుమానంతో సహా. ఆయన చేతిలో పేపరు పక్కన పెట్టారు.

"ఇన్నాళ్లూ నేను ఎవరితో మాట్లాడుతున్నాననుకున్నావు?" అన్నారు. గట్టిగా, నాకు వినపడేలా.

జవాబు కూడా ఆయనే చెప్పారు.

"నీళ్ల మోటారు బాగుచేసేవాడితోనే తల్లీ! వస్తానంటాడు, రాడు. నువ్వు పలకడం లేదని నేనే మాటలు తగ్గించానీ మధ్య. నా మీద విసుగొచ్చిందేమో అనుకున్నాను."

అది విన్నాక నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఒంటరిగా ఏమేమి అనుకుని ఉంటారో.

ఆపరేషన్ చేయవచ్చట. ముందు ఒక చెవికి. భయంగానే ఉంది.

పిన్ని

జులై 11

పిచ్చుకా,

కట్టు విప్పారు. మొదటి రోజులు తల తిరిగింది, మంచం పట్టుకునే నడిచాను. ఇప్పుడు నయం. ఫ్రిజ్ ఇంత మోత చేస్తుందని నాకెవరూ చెప్పలేదేం? మీ బాబాయి పక్క గదిలోంచి పిలిస్తే పలికాను. ఆయన గుమ్మంలోకి వచ్చి మళ్లీ ఒకసారి పిలిచి చూశారు.

నువ్వు తిప్పి పంపిన చిప్పు విన్నాను. అది నా గొంతే. అంతా అక్కడే ఉంది. సగం దాకా విని ఆపేశాను, సిగ్గేసింది.

మర్నాడు మేనేజరుకి జరిగిందంతా రాసిచ్చి, అద్దాలాయన్ని తిరిగి పిలవమని అడిగాను. అది చాలదనిపించి సభల హాలుకి వెళ్లాను. ఖాళీ కుర్చీల మధ్య మోకాళ్ల మీద కూర్చుని వైరు చుడుతున్నాడు. చెవి సంగతి మొత్తం చెప్పాను. క్షమించమన్నాను. వైరు చుట్టడం ఆపలేదు.

"మీ చెవికి అలా అయిందని నాకు తట్టి ఉండాల్సింది. నా పనే వినడం కదా," అన్నాడు.

"మరి తిరిగి వస్తారా?"

"రమ్మని మేనేజరు గారు చెప్పారు, వస్తాను. మీరు నన్ను ఇప్పుడు నమ్ముతారు, సరేనండీ. ఆ అద్దం వెనక కూర్చుని మీట ముట్టుకున్నప్పుడల్లా మీరు నా చెయ్యి చూస్తున్నారేమో అనిపించడం మాత్రం కొన్నాళ్లు పోదు. ఓర్చుకోండి."

ఓర్చుకుంటానన్నాను.

డాక్టరు ఇంకో మాట చెప్పాడు. ఇది రక్తంలో వస్తుందట, ఆడవాళ్లలో ఎక్కువట. మీ అమ్మకి చెప్పాను. మీ అమ్మమ్మ ముసలితనంలో "మగవాళ్లంతా ముక్కుతో మాట్లాడతారు" అనేదని గుర్తు చేసింది. నువ్వు రోజంతా చెవులతో బతికేదానివి. వెళ్లి నీ గీత తీయించు. "నాకేం లేదు" అని రాయకు. నేనూ అదే రాశాను.

పిన్ని

జులై 29

పిన్నీ,

"నాకేం లేదు" అనే రాయబోయాను. రెండుసార్లు అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లలేదు. చెవిలో తేడా ఏమైనా ఉంటే అది కిటికీ కింది షెడ్డు మోత వల్లేనని నాకు నేనే చెప్పుకున్నాను. నిన్న వెళ్లాను.

కుడి చెవి బల్లపరుపు. ఎడమ చెవి గీత ఎడమ చివర కొంచెం దిగింది. మైకు అయితే అమ్మకానికి పాసయ్యేంత కొంచెం. కానీ అది ఏమిటో నాకు తెలుసు. ఏటా చూపించుకోమన్నారు.

ఈ రోజు పొద్దున ఒక మైకుకి బరువు తక్కువగా ఉందని వెనక్కి పంపే కాగితం రాయబోయి ఆగాను. పక్క బల్ల ఆవిడకి హెడ్‌ఫోన్లు ఇచ్చి "ఒకసారి వినండి" అన్నాను.

"నన్నెందుకు? మీరు విన్నారుగా?" అంది.

"నా ఎడమ చెవి మీద నాకు కొంచెం అనుమానం," అన్నాను.

ఆవిడ హెడ్‌ఫోన్లు తొడుక్కుని కళ్లు మూసుకుంది. కాసేపటికి కళ్లు తెరిచి, "మైకుదే తప్పు. పంపేయండి," అంది. తర్వాత తన కుర్చీని నా కుడి పక్కకి మార్చుకుని కూర్చుంది.

నీ పిచ్చుక